కాళ్ల కింద ఖర్చెంత?

ఇంటికి రంగులు వేయించాలంటే డబ్బాలెన్ని పడతాయో ముందే కనుక్కుంటారు. పెళ్లికి పందిరి వేయించాలంటే నలుగురిని అడిగి బేరమాడతారు. అదే ఇంట్లో నేల మార్చాలంటే మాత్రం చాలామంది నేరుగా టైల్స్ దుకాణానికి వెళ్లిపోతారు. అక్కడ అద్దంలా మెరిసే పలక మీద 'అడుగు యాభై' అన్న చీటీ కనిపిస్తుంది. ఇల్లు అయిదు వందల అడుగుల పైచిలుకు. 'పాతిక, ముప్ఫై వేలతో పనైపోతుందిలే' అనుకుంటారు. అడ్వాన్సు ఇచ్చేస్తారు.

పాత గచ్చు తవ్వడం మొదలయ్యాక అసలు లెక్క బయటపడుతుంది. ఇసుక, సిమెంటు, కూలి, బండి కిరాయి, మట్టి ఎత్తిపోత, తలుపుల కోత... ఒకటి తర్వాత ఒకటి వచ్చి మీద పడతాయి. నేల తవ్వేశాక పని ఆపలేరు. అప్పు చేయక తప్పదు. దుకాణంలో బోర్డు మీద ఉన్నది టైలు ధర మాత్రమే. అది నేల ధర కాదు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాయే ఎన్నో ఇళ్ల బడ్జెట్‌ను తలకిందులు చేస్తోంది.

అలుకు నుంచి అద్దం దాకా

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఒకప్పుడు నేల అంటే మట్టే. మొరం పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, పైన ఎర్రమట్టి, పేడ కలిపి అలికేవారు. డబ్బు ఖర్చు లేదు కానీ చాకిరీ ఉంది. పండగొచ్చినా, పబ్బమొచ్చినా ఇంటి ఆడవాళ్లు నడుం వంచాల్సిందే. కలిగినవారి ఇళ్లలో డంగుసున్నం గచ్చు ఉండేది. ఆ తర్వాత చాలా ఇళ్లలోకి షాబాద్ బండలు వచ్చాయి.

ఆ పేరు వెనక చిన్న చరిత్ర ఉంది. షాబాద్ ఇప్పుడు కర్ణాటకలోని కలబురగి జిల్లాలో ఉంది. 1956 దాకా ఆ జిల్లా, నల్గొండ, మహబూబ్‌నగర్ అన్నీ హైదరాబాద్ రాష్ట్రంలోనివే. రాష్ట్రాలు వేరైనా బండ పేరు మారలేదు. తాండూరులో తీసిన బండను కూడా షాబాద్ బండ అనే వాళ్లు నేటికీ ఉన్నారు. 1874లో మొదలైన సికింద్రాబాద్ - వాడి రైలు మార్గంలోనే తాండూరు స్టేషను ఉంది. దాని పక్కనున్న కొడంగల్ 2016లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా మహబూబ్‌నగర్ జిల్లాలోదే. ఇటు నల్గొండ వైపు నుంచి కృష్ణ దాటితే మాచర్ల నాపరాయి దొరుకుతుంది. ఇవన్నీ సున్నపురాయి జాతివే. పొరలు పొరలుగా ఏర్పడిన రాయి కాబట్టి పలకలుగా విడదీయడం తేలిక.

ఇప్పుడు వీటి పక్కన గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే టైల్స్ నిలిచాయి. గ్రానైటు, మార్బుల్ సరేసరి. ఎంచుకోవడానికి ఇన్ని ఉండటం మంచిదే. కాకపోతే ఎంపిక చివర రావాలి. లెక్క ముందు రావాలి.

టేపు పట్టండి

మొదట చేయాల్సింది దుకాణానికి వెళ్లడం కాదు. టేపు పట్టుకుని ఇల్లు కొలవడం. ఉదాహరణకు ఒక చిన్న ఇల్లు తీసుకుందాం. హాలు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. అంటే 192 చదరపు అడుగులు. రెండు పడక గదులు ఒక్కొక్కటి 11 అడుగులు, 12 అడుగులు. రెండూ కలిపి 264. వంటగది 8 అడుగులు, 10 అడుగులు. అది 80. మొత్తం 536 చదరపు అడుగులు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. గోడల కింద వేసే నాలుగు అంగుళాల స్కర్టింగ్ పట్టీని మరిచిపోతారు. ఈ ఇంట్లో గదుల చుట్టుకొలతలు కలిపితే 184 అడుగులు. తలుపుల దగ్గర పోయేది 24 అడుగులు అనుకుంటే మిగిలింది 160 అడుగులు. నాలుగు అంగుళాల ఎత్తుకు అది సుమారు 53 చదరపు అడుగులు అవుతుంది. ఇప్పుడు లెక్క 589కి చేరింది. మూలల్లో కోతకు, పగిలేవాటికి నూటికి ఎనిమిది చొప్పున కలిపితే 636.

ఇక డబ్బా లెక్క. రెండడుగుల టైలు అని అమ్మేది నిజానికి 60 సెంటీమీటర్లు. రెండడుగుల కంటే కాస్త తక్కువ. నాలుగు పలకల డబ్బా 1.44 చదరపు మీటర్లు, అంటే పదిహేనున్నర చదరపు అడుగులు. దాన్ని 'పదహారు' అని చెప్పడం మామూలే. స్కర్టింగ్, కోత మరిచిపోయి, డబ్బాకు పదహారు చొప్పున లెక్కేస్తే ఈ ఇంటికి 34 డబ్బాలు చాలనిపిస్తాయి. సరిగ్గా లెక్కేస్తే 42 కావాలి. ఆ ఎనిమిది డబ్బాల కోసం మళ్లీ దుకాణానికి వెళితే అదే రంగు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఒకే డిజైన్ అయినా బ్యాచ్ మారితే రంగులో తేడా వస్తుంది. అందుకే డబ్బా మీద షేడు నంబరు, బ్యాచ్ నంబరు చూసి అన్నీ ఒకేసారి తీసుకోవాలి. తెరవని డబ్బాలు వెనక్కి తీసుకుంటారో లేదో బిల్లు కట్టకముందే అడగాలి. ఒక డబ్బా అటక మీద దాచుకుంటే రేపు ఒక పలక పగిలినా వెతుకులాట ఉండదు.

పలక కింద ఏముంది?

నేలలో కంటికి కనిపించేది పైపొరే. దాని కింద ఇసుక, సిమెంటు కలిపిన బెడ్ ఉంటుంది. ఖర్చు పెరిగేది అక్కడే. పైన చెప్పుకున్న 536 అడుగుల ఇంటికి రెండంగుళాల మందాన, ఒకటికి ఆరు పాళ్లలో బెడ్ వేస్తే సుమారు 14 బస్తాల సిమెంటు, 100 ఘనపుటడుగుల ఇసుక పడతాయి. నేల ఎగుడుదిగుడుగా ఉండి మూడంగుళాలు వేయాల్సి వస్తే సిమెంటు 21 బస్తాలకు, ఇసుక 150 ఘనపుటడుగులకు చేరుతుంది. ఒక్క అంగుళం తేడాకు సగం ఖర్చు అదనం! కాబట్టి మేస్త్రీ చేత నీటిగొట్టంతో నాలుగు మూలలా లెవెల్ పట్టించాకే అంచనా వేయించండి. ఇసుకను 'ట్రిప్పుకు ఇంత' అని కాకుండా ట్రాలీ కొలిచి తీసుకోండి.

పాత నేల తవ్వకుండా దాని మీదే కొత్తది వేస్తే తవ్వకం ఖర్చు తప్పుతుంది. అయితే నేల రెండు, మూడు అంగుళాలు పైకి లేస్తుంది. అప్పుడు తలుపుల అడుగు కోయాలి. పసుపు రాసి, బొట్లు పెట్టుకునే గడప నేలలో కూరుకుపోయినట్టు కనిపిస్తుంది. మెట్లలో మొదటిది ఒక ఎత్తు, మిగతావి ఒక ఎత్తు అవుతాయి. అన్నిటికంటే ముఖ్యం స్నానాల గది. గదికీ దానికీ మధ్య ఎత్తు తేడా పోతే నీళ్లు ఇంట్లోకే వస్తాయి. పాత నేల డొల్లగా ఉన్నా, కుంగినా దాని మీద ఎంత ఖరీదైన పలక వేసినా నిలవదు. అలాంటి చోట తవ్వి, మొరం నింపి, నీళ్లు పెట్టి, దిమ్మిస కొట్టించడం ఒక్కటే దారి. ఆ ఖర్చుకు వెనకాడితే రెండేళ్లలో అదే పని మళ్లీ చేయించాల్సి వస్తుంది.

చీటీ మీద పెట్టి చూద్దాం

ఇప్పుడు అన్నీ ఒక కాగితం మీద రాద్దాం. ఈ ధరలు లెక్క తెలియడానికి వేసుకున్నవే. మీ ఊళ్లో కనుక్కున్న ధరలు వేసి మీ లెక్క మీరు కట్టుకోండి.

టైలు పన్నుతో కలిపి చదరపు అడుగు 50 రూపాయలు అనుకుంటే, 42 డబ్బాలకు 32,550.
వేసే కూలి అడుగుకు 25 చొప్పున 13,400.
స్కర్టింగ్ కూలి అడుగుకు 15 చొప్పున 2,400.
బెడ్‌కు, పాలకు కలిపి సిమెంటు 17 బస్తాలు, బస్తా 350 చొప్పున 5,950.
ఇసుక 6,000.
బండి కిరాయి, హమాలీ 3,000.
పాత గచ్చు తవ్వి, మట్టి ఎత్తిపోయడానికి 6,000.
నాలుగు తలుపుల కోతకు 1,600.
సందులు నింపే పొడికి 1,000.

మొత్తం 71,900. అనుకోని ఖర్చులకు నూటికి పది పక్కన పెడితే 79,000 దాటుతుంది. దుకాణంలో నిలబడి మనసులో వేసుకున్న లెక్క ఎంత? 536 అడుగులకు యాభై చొప్పున 26,800. దాదాపు మూడింతల తేడా! టైలు ధరలో అడుగుకు రెండు రూపాయల కోసం గంటసేపు బేరమాడి, మిగతా సగానికి పైగా ఖర్చును గాలికొదిలేస్తే ఏం లాభం? సిమెంటు మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. పాత ధరతో అంచనా ఇచ్చిన వాళ్లను మరోసారి అడగడం మంచిది. టైలు ధర చెప్పినప్పుడు పన్ను కలిపి చెప్పారా, విడిగానా అన్నదీ తేల్చుకోవాలి.

పాత బండలు చెత్త కాదు

ఇంట్లో ఇప్పటికే షాబాద్ లేదా తాండూరు బండలు ఉంటే వాటిని తవ్వే ముందు ఒకసారి ఆలోచించండి. ఏళ్ల తరబడి నడిచి మాసిపోయిన బండ కింద మంచి రాయే ఉంటుంది. మిషను పాలిష్ పెడితే మళ్లీ నిగనిగలాడుతుంది. అదే 536 అడుగులకు పాలిష్ అడుగుకు 20 అనుకుంటే 10,720. సందులు నింపి, పగిలిన నాలుగు బండలు మార్చడానికి 4,000. అన్నీ కలిపి 15 వేల లోపే. తలుపులు కోయనక్కర్లేదు, గడప ఎత్తు మారదు.

అన్ని బండలూ పాలిష్‌కు పనికిరావు. పొరలు లేచినవి, కదిలేవి, పలుచబడినవి మార్చాల్సిందే. అందుకే ముందు ఓ మూలన రెండు మూడు బండలకు పాలిష్ పెట్టించి చూసి, నచ్చితేనే మిగతా ఇంటికి మాట ఇవ్వండి. 'ఇంకా బండలేనా?' అని చుట్టాలు అంటారన్న మొహమాటానికి అరవై వేల పైచిలుకు ఖర్చు పెట్టాలా? ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవాల్సిన మాట ఇది.

ఏ గదికి ఏది?

ఒకే రకం ఇల్లంతా వేయాలన్న నియమం లేదు. ప్రతి రాయికీ ఒక గుణం ఉంది.

నాపరాయి: ఎండాకాలం కాలికి చల్లగా ఉంటుంది. హాలుకు, వసారాకు బాగుంటుంది. సున్నపురాయి కాబట్టి పులుపుకు తట్టుకోదు. నిమ్మరసం, చింతపులుసు పడి అలాగే ఉంటే మచ్చ దిగుతుంది. యాసిడ్‌తో కడిగితే మెరుపు పోతుంది. మార్బుల్‌దీ ఇదే తంతు. కొనేటప్పుడు బండల మందం ఒకేలా ఉందో లేదో చూడాలి. మందం తేడాలుంటే బెడ్ ఖర్చు పెరుగుతుంది. బరువు కూడా తక్కువేం కాదు. అంగుళం మందం బండ చదరపు అడుగుకు ఆరు కిలోలకు పైనే తూగుతుంది. ఇల్లు మొత్తానికి మూడు టన్నులు దాటుతుంది. బండ చౌక అనిపించినా కిరాయి కలిపాకే పోల్చాలి.

విట్రిఫైడ్ టైల్స్: చెమ్మ పీల్చుకునే గుణం చాలా తక్కువ. మరకలు తొందరగా పట్టవు. డబ్బా మీద ఐఎస్ 15622 ప్రమాణం ముద్ర ఉందేమో చూడండి. నున్నటి పలక మీద నీళ్లు పడితే మాత్రం జారుడే.

గ్రానైటు: పులుపుకు, గీతలకు తట్టుకుంటుంది. ఇల్లంతా కాకపోయినా వంటింటి గట్టుకు, మెట్లకు వాడితే ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుంది.

ఎర్ర గచ్చు: సిమెంటులో ఎర్ర రంగు కలిపి నున్నగా తీసే గచ్చు అన్నిటికంటే చౌక. పనితనం తెలిసిన మేస్త్రీ దొరికితే ఏళ్లపాటు ఉంటుంది.

ఇంట్లో నాయనమ్మో, తాతయ్యో ఉంటే స్నానాల గదికి, చేయి కడుక్కునే చోటుకు, వాకిట్లోకి గరుకు పలకలే తీసుకోండి. దుకాణంలో పలక మీద కాసిని నీళ్లు చల్లి, చెప్పుల్లేకుండా కాలు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. తుంటి ఎముక విరిగితే అయ్యే ఖర్చు ముందు ఏ నేల ఖర్చూ పెద్దది కాదు. మంచం పట్టిన మనిషి కష్టానికి వెలే లేదు.

డబ్బు చేతికొచ్చే వేళ

జీతగాళ్లకు నెల నెలా డబ్బొస్తుంది. సేద్యం మీద బతికే ఇళ్లకు అలా కాదు. వానాకాలం వడ్లో, పత్తో అమ్మాక ఒకసారి, యాసంగి పంట అమ్మాక మరోసారి చేతికి డబ్బొస్తుంది. నేల పనికి వానాకాలం పంట డబ్బు వచ్చాక, చలికాలం అనువైన సమయం. బోర్లలో నీళ్లుంటాయి. బెడ్‌కు, సందులకు తడి పట్టడం తేలిక. నడి ఎండాకాలంలో అయితే చాలా ఊళ్లలో నీళ్లే కరవు. పైగా పెళ్లిళ్ల రోజుల్లో మేస్త్రీలు దొరకడం కష్టం. దొరికినా కూలి ఎక్కువ అడుగుతారు. పెళ్లి వేసవిలో అనుకుంటే నేల పని సంక్రాంతి లోపే ముగించుకోవడం మేలు.

డబ్బు చాలకపోతే? నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగానే ఉంటుంది. ఏడాదికి అది 24 శాతం. 50 వేలు తెచ్చి రెండేళ్లు అసలు కట్టకపోతే వడ్డీయే 24 వేలు అవుతుంది. అంటే ఒక పడక గది నేల ఖర్చును మించి వడ్డీకే పోతుంది. మహిళా సంఘంలో ఉన్నవాళ్లు ముందు అక్కడ అడగాలి. చిట్టీ ఉంటే దాని వాయిదాను బట్టి పని తేదీ పెట్టుకోవాలి.

అదీ కుదరకపోతే పనిని రెండు విడతలుగా చేసుకోవచ్చు. నీళ్లు ఇంకి గోడలు పాడయ్యేది స్నానాల గది నుంచి కాబట్టి అది మొదట. తర్వాత వంటగది. పడక గదులు వచ్చే ఏడాదికి ఆగుతాయి. ఎన్ని విడతలైనా లెవెల్ మాత్రం ఇల్లంతటికీ మొదటి రోజే పట్టించి, గోడల మీద గుర్తులు వేయించుకోవాలి. లేకపోతే గది గదికీ ఒక గట్టు తయారవుతుంది.

కొత్తగా ఇల్లు కట్టుకునేవారికి మరో జాగ్రత్త. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఇచ్చే అయిదు లక్షల సాయం పని జరిగిన దశను బట్టి విడతలుగా వస్తుంది. చివరి విడత ఇల్లు పూర్తయ్యాకే. నేల పని పూర్తి కావడానికి ముందే జరగాలి కదా! కాబట్టి ఆ డబ్బు వస్తుంది, నేల వేద్దాం అనుకుంటే పని ఆగిపోతుంది. స్లాబు దశలోనే నేలకు కొంత పక్కన పెట్టుకోవాలి.

మాట ముందు, మూట తర్వాత

సుతారి మేస్త్రీతో 'అడుగుకు ఇంత' అని బేరం కుదిరితే ఆ ఇంతలో ఏమేం ఉన్నాయో అడగండి. స్కర్టింగ్ కలిపా, విడిగానా? పలకల కోత మిషను ఎవరిది? డబ్బాలు బండి దగ్గర్నుంచి ఇంట్లోకి మోసేది ఎవరు? 42 డబ్బాలంటే టన్ను పైమాటే. సందులు నింపడం, చివర్లో కడిగి ఇవ్వడం ఎవరి పని? వీటన్నిటినీ ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెడితే తర్వాత మాటా మాటా రాదు.

డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి. పని జరిగినకొద్దీ ఇస్తూ, చివరి భాగం పరీక్ష అయ్యేదాకా ఆపండి. పరీక్ష పెద్ద విద్యేమీ కాదు. రూపాయి బిళ్లతో పలక పలకనూ తట్టి చూడండి. గట్టి శబ్దం వస్తే సరే. డొల్ల శబ్దం వస్తే కింద పాలు సరిగా పట్టలేదని అర్థం. దాన్ని తీయించి మళ్లీ వేయించాలి. స్నానాల గదిలో, వసారాలో బకెట్ నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో చూడండి. ఎక్కడైనా నిలిచిపోతే మేస్త్రీ ఉండగానే సరిచేయించండి. ఆయన సామాను సర్దుకుని వెళ్లాక పిలిస్తే ఎప్పుడొస్తారో చెప్పలేం.

దుకాణానికి వెళ్లేటప్పుడు జేబులో నాలుగు అంకెలు ఉండాలి. గదుల కొలత, స్కర్టింగ్ పొడవు, బెడ్ మందం, మొత్తం మీద మీరు పెట్టగలిగిన డబ్బు. నాలుగో అంకె నుంచి మిగతా ఖర్చులన్నీ తీసేసి, మిగిలినదాన్ని కావాల్సిన అడుగులతో భాగించండి. మీరు కొనగలిగే టైలు ధర ఎంతో అప్పుడు తెలుస్తుంది. ఆ ధర దగ్గర నిలబడి ఎంచుకుంటే చాలు. నేల కొత్తదవుతుంది. అప్పుల పద్దు మాత్రం పెరగదు.